పొట్ట పట్టుకుని నవ్వితే ఒంట్లో ఏం జరుగుతుంది

గాజువాక నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక రోజూ గంటసేపు ఫోన్లో కామెడీ బిట్లు చూస్తాడట. చూస్తున్నంతసేపూ బాగుంటుంది, ఫోన్ పక్కన పెట్టగానే మళ్ళీ మామూలే. "నవ్వు ఒంటికి మంచిదంటారు కదా, నిజంగా లోపల ఏమైనా జరుగుతుందా, లేక ఉత్త మాటేనా? మా నాన్నగారికి బైపాస్ అయి నలభై రోజులైంది. ఆయనకి కామెడీ సినిమాలు పెట్టొచ్చా?" అని అడిగాడు.

నేను విశాఖలో ముప్ఫై రెండేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఆపరేషన్ అయినవాళ్ళ చేత ఊపిరి తీయించడం, దగ్గించడం, లేపి నడిపించడం నా పని. నవ్వు గురించి చదివింది తర్వాత. ముందు చూసింది మంచాల పక్కన నిలబడి.

తమ్ముడూ, లోపల చాలా జరుగుతుంది. కాకపోతే ఆ మేలులో ఎక్కువ భాగం నవ్వితేనే దక్కుతుంది, చూసినంత మాత్రాన దక్కదు. మీరు గంటసేపు చూస్తున్నారు సరే, అందులో ఎన్నిసార్లు పైకి వినపడేలా నవ్వారు? ఈ రాత్రి ఒకసారి లెక్కపెట్టుకోండి.

1990ల మొదట్లో సంగతి చెబుతాను. జాలరిపేట పెద్దాయన ఒకరు, పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్, మూడో రోజు. కుట్లు లాగుతున్నాయని ఊపిరి పైపైనే తీసేవారు. అలా తీస్తే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, కఫం అక్కడే నిలిచిపోతుంది, అక్కణ్ణుంచి న్యుమోనియాకి ఎంతో దూరం ఉండదు. అందుకే గట్టిగా ఊపిరి తీయమని, దగ్గమని వెంటపడతాం. ఆయన మొహం గోడవైపు తిప్పేసుకుని, "ఏటమ్మా, దినాం ఇదే గోల. దగ్గితే పేనం పోతాది. నన్నొగ్గీ" అనేవారు.

ఆ సాయంత్రం పక్క మంచం కుర్రాడి కోసం వాళ్ళన్న టేప్ రికార్డర్ తెచ్చి, సినిమా కామెడీ మాటల క్యాసెట్ పెట్టాడు. నేను అవతలి మంచం దగ్గరున్నాను. ముందు కుర్రాడు నవ్వాడు. తర్వాత వాళ్ళన్న. పెద్దాయన మొహం గోడవైపే ఉంది గాని భుజాలు కదులుతున్నాయి. ఆపుకుంటున్నారు. కాసేపు ఆపుకుని, ఇక వల్ల కాక, రెండు చేతులూ కుట్ల మీద అదుముకుని "ఓలమ్మో" అంటూ నవ్వేశారు. ఆ నవ్వే దగ్గుగా మారింది. మూడు రోజులుగా నేను ఎంత బతిమాలినా రాని కఫం నాలుగు దగ్గుల్లో బయటపడింది. మర్నాడు పొద్దున్న స్టెతస్కోపు పెడితే కుడివైపు అడుగున గాలి చప్పుడు వినిపించింది. ముందురోజు అక్కడ ఏమీ వినపడలేదు. ఆ తర్వాత నా సర్వీసంతా, కుట్లు గట్టిపడుతున్న రోగి దగ్గరికి వెళ్తే ముందు ఏదో ఒకటి చెప్పి నవ్వించి, తర్వాతే దగ్గమనేదాన్ని.

నవ్వంటే ప్రధానంగా ఊపిరి వదలడం. మాట్లాడేటప్పుడు ఊపిరిని పొదుపుగా వాడుకుంటాం, వాక్యం అయ్యేదాకా సరిపెట్టుకుంటాం. నవ్వులో ఆ అదుపు తప్పిపోతుంది. పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు ఒక్కసారి బిగుసుకుని గాలిని ముక్కలు ముక్కలుగా బయటికి కొడతాయి. "హ హ హ" అనే నవ్వులో ఒక్కో "హ" సెకనులో పదమూడో వంతు మాత్రమే. అలాంటివి సెకనుకి నాలుగైదు. మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా లోపల రెండు లీటర్ల పైన గాలి మిగిలే ఉంటుంది. గట్టి నవ్వు అందులోంచి ఇంకో లీటరు పైనే బయటికి తోసేస్తుంది. అందుకే నవ్వు ఆగగానే "హమ్మయ్యా" అంటూ అంత లోతు ఊపిరి దానంతటదే లోపలికొస్తుంది. నేను పది నిమిషాలు బతిమాలి తీయించే ఊపిరి అదే. కడుపుబ్బ నవ్వాం అంటాం గాని నవ్వేటప్పుడు కడుపు ఉబ్బదు, లోపలికి లాక్కుంటుంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం అన్నదే ఒంటికి దగ్గరి మాట. మర్నాడు పక్కలు నొప్పెట్టేది ఈ కండరాలే.

భరతుడి నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటిదాంట్లో పళ్ళు కనపడవు, బుగ్గలు మాత్రం కాస్త విచ్చుకుంటాయి. ఆరోదానికి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు, పెద్ద గొంతు, చేతులతో పక్కలు పట్టుకోవడం. ఎంత దగ్గరగా చూసి చెప్పిన మాటో చూడండి! పక్కలు పట్టుకుంటున్నామంటే పక్కటెముకల కండరాలు అలిసిపోతున్నాయన్నమాట. మొదటి రెండు నవ్వులూ ఉత్తములకి, చివరి రెండూ అధములకి అని ఆ గ్రంథం పంచింది. నాటకానికి ఆ లెక్క సరిపోవచ్చు. నా వార్డులో మాత్రం ఆరో నవ్వు నవ్వినవాళ్ళే త్వరగా లేచి కూర్చున్నారు.

ఇక హాయి సంగతి. జోకు అర్థం కావడం, నవ్వు రావడం రెండూ ఒకటి కాదు. 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి కార్టూన్లు చూపించారు. నవ్వొచ్చే కార్టూన్ చూసినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం నడిచే దారి వెలిగింది. ఇష్టమైన తిండి, డబ్బు కనిపించినా వెలిగేది ఆ దారే. మీరు ఫోన్లో బిట్టు చూసి పెదవి చివర చిన్నగా నవ్వి, వెంటనే వేలితో పైకి తోసి ఇంకోటి చూస్తారే, అప్పుడు దక్కేది ప్రధానంగా ఈ ముక్క. చప్పున వస్తుంది, చప్పున పోతుంది, ఇంకోటి కావాలనిపిస్తుంది. ఫోన్ పక్కన పెట్టగానే మళ్ళీ మామూలే అన్నారు కదా, దానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

పగలబడి నవ్వితే ఇంకోటి కూడా కలుస్తుంది. మన ఒంట్లోనే తయారయ్యే నొప్పిమందులున్నాయి, ఎండార్ఫిన్లు. నల్లమందు ఏ తాళంలో దూరుతుందో ఇవీ ఆ తాళంలోనే దూరతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం వీటికోసం ఒక తేలికైన పరీక్ష పెట్టింది, 2011లో ఫలితాలు వచ్చాయి. కామెడీ చూడకముందు, చూశాక మనుషుల నొప్పి ఓర్పు కొలిచారు. ముంజేతికి గడ్డకట్టిన చల్లటి తొడుగు వేసి, లేకపోతే బీపీ పట్టీ బిగించి, ఇక చాలు అనేదాకా ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు. కామెడీ చూసి నవ్వినవాళ్ళు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. మామూలు డాక్యుమెంటరీ చూసినవాళ్ళలో ఆ మార్పు లేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది వాళ్ళ ఇంకో మాట. మనసుకి హాయిగా ఉన్నంత మాత్రాన ఓర్పు పెరగలేదు, శరీరం నవ్వే పని చేసినప్పుడే పెరిగింది. జాలరిపేట పెద్దాయన ఆ రాత్రి కుట్ల నొప్పి గురించి నన్ను పిలవకపోవడం అది చదివినప్పుడే నాకు అర్థమైంది.

2017లో ఫిన్లాండులోని తుర్కు నగరం పరిశోధకులు దీన్ని నేరుగా మెదడులోనే చూశారు. పన్నెండు మంది మగవాళ్ళు. ఒక రోజు ఒంటరిగా అరగంట కూర్చోబెట్టారు, ఇంకో రోజు దగ్గరి స్నేహితులతో కలిసి అరగంట కామెడీ బిట్లు చూపించారు. తర్వాత మెదడులో రసాయనాల జాడ చూపించే పెట్ స్కాన్ తీస్తే, కలిసి నవ్విన రోజున ఆ సొంత నొప్పిమందు మెదడులో విడుదలైన గుర్తులు కనిపించాయి. పన్నెండు మందే, చిన్న పరీక్షే. కాని ఇందులో "స్నేహితులతో" అన్న మాట దగ్గర ఆగండి.

నవ్వు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కగట్టింది ఏమిటంటే, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు ముప్ఫై రెట్లు ఎక్కువగా నవ్వుతాడు. ఆయన సంతల్లో, వీధుల్లో జనం మాటలు విని పన్నెండు వందల నవ్వులు రాసుకున్నాడు. వాటిలో జోకు లాంటి మాట తర్వాత వచ్చినవి ఐదో వంతు కూడా లేవు. మిగతావన్నీ "సరే మరి వస్తాను" లాంటి మామూలు మాటల తర్వాత పుట్టిన నవ్వులే. జోకు కంటే పక్కనున్న మనిషే మనల్ని ఎక్కువగా నవ్విస్తాడు.

ఇది మా ఇంట్లోనే చూశాను. రేలంగి, రమణారెడ్డి కలిసి ఉన్న పాత సీను ఒకటి, రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు నేను ఒక్కదాన్నీ ఎన్నోసార్లు చూశాను. ఒక్కసారీ చప్పుడు రాలేదు, నవ్వుకున్నానంతే. పోయిన సంక్రాంతికి మా చెల్లెలు అనకాపల్లి నుంచి వచ్చింది. అదే సీను టీవీలో పెట్టాను. రమణారెడ్డి ఇంకా నోరు తెరవనేలేదు, నడిచి వస్తున్నారు, చెల్లెలు "అదిగో, అదిగో" అంటూ నా మోకాలి మీద కొట్టింది. అంతే. ఇద్దరం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాం. దాని చేతిలో అరిసె ముక్కలై చాప మీద పడింది. సీనులో కొత్తదేమీ లేదు, మా చెల్లెలొక్కతే కొత్త.

నవ్వుల క్లబ్బుల కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1995 మార్చి 13న ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టారు. మొదట్లో వరసగా జోకులు చెప్పుకునేవారు. రెండు వారాలకే మంచి జోకులు అయిపోయి, ఒకరినొకరు నొప్పించే జోకులు మిగిలాయి. అప్పుడు జోకులు మానేసి, ఊరికే నవ్వడం మొదలుపెడదాం, నిజం నవ్వు అదే వస్తుంది అన్నారు. వచ్చింది. మన బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్ళు ఆపేసిన వేళ నడకకి వచ్చే పెద్దవాళ్ళు వలయంగా నిలబడి చప్పట్లు కొడుతూ "హొ హొ, హ హ హ" అంటుంటే కుర్రాళ్ళు వింతగా చూస్తారు. నేను ఆ వలయంలో ఏడాదిగా నిలబడుతున్నాను. మొదటి నిమిషం బలవంతపు నవ్వే. రెండో నిమిషంలో ఎదురుగా ఉన్నాయన పళ్ళసెట్టు జారబోయి పట్టుకుంటారు, అక్కణ్ణుంచి ఎవరూ నటించనక్కర్లేదు.

గుండె, రక్తనాళాల మాటకొస్తే, మేరీల్యాండ్ యూనివర్సిటీలో డాక్టర్ మైఖేల్ మిల్లర్ 2005లో చెప్పిన పరీక్ష ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇరవై మందికి ఒకసారి నవ్వొచ్చే సినిమా ముక్క, ఇంకోసారి గుండె బిగపట్టే యుద్ధం ముక్క చూపించి, చేతి రక్తనాళం ఎంత సాగుతుందో అల్ట్రాసౌండుతో చూశారు. నవ్వాక రక్తప్రవాహం సగటున 22 శాతం పెరిగింది, యుద్ధం చూశాక 35 శాతం తగ్గింది. నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలి గోడని సడలిస్తుంది, నవ్వు ఆ పనికి సాయపడుతుంది. నవ్వుతున్నంతసేపు మాత్రం గుండె వేగం, బీపీ రెండూ కాస్త పెరుగుతాయి, తర్వాత కిందికి దిగుతాయి. నవ్వి కూర్చున్నాక వచ్చే ఆ సడలింపు అదే.

అలాగని కామెడీ చూస్తే గుండె జబ్బు పోతుందని, షుగరు తగ్గుతుందని ఎవరైనా వీడియో పెడితే నమ్మకండి. నార్మన్ కజిన్స్ అనే అమెరికా పత్రికా సంపాదకుడు 1964లో వెన్ను బిగుసుకుపోయే జబ్బుతో మంచాన పడి హాస్య చిత్రాలు వేయించుకుని చూశాడు. పది నిమిషాలు పగలబడి నవ్వితే రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టిందని 1976లో ఒక పెద్ద వైద్య పత్రికలో రాశాడు. ఆ రెండు గంటల నిద్ర మాట నేను పూర్తిగా నమ్ముతాను, నా కళ్ళతో అలాంటివి చూశాను. కాని ఆయన సి విటమిన్ కూడా పెద్ద మోతాదులో తీసుకున్నాడు, పైగా ఇది ఒక్క మనిషి కథ. మందు మానేసి నవ్వుదాం అనడానికి అది ఆధారం కాదు. బరువు తగ్గుతామనీ అంటారు. పది పదిహేను నిమిషాల నిజమైన నవ్వుకి ఖర్చయ్యేది పది నుంచి నలభై క్యాలరీలు, మహా అయితే ఒక చిన్న ఇడ్లీ.

ఈ ప్రశ్నలో లేకపోయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. నవ్వితే ఒంట్లో ఏమవుతుందో బాగా తెలిసి, అందుకే నవ్వు మానేసిన ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. కాన్పులయ్యాక కటి కింది కండరాలు వదులై, గట్టిగా నవ్వినా దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు మూత్రం పడిపోతుంది. ఎవరికీ చెప్పరు. నలుగురూ టీవీ ముందు నవ్వుతుంటే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తుంది, "నవ్వు నాలుగు విధాల చేటు" అని పిల్లల మీద విసుక్కుంటుంది. అందరూ ఆవిడ స్వభావమే అంత అనుకుంటారు. మర్రిపాలెం నుంచి ఒకావిడ నడుం నొప్పికని నా దగ్గరికి వచ్చేది. మూడో వారం, తలుపు వేశాక, గొంతు తగ్గించి చెప్పింది: "అమ్మా, నేను నవ్వి పదకొండేళ్ళయింది." దీనికి వైద్యం ఉంది. మూత్రం మధ్యలో ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగిస్తామో దాన్ని బిగించి కాసేపు పట్టి వదలడం, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. అమెరికా డాక్టరు ఆర్నల్డ్ కెగెల్ 1948లో చెప్పిన వ్యాయామం ఇది. కండరం ఏదో తెలుసుకోవడానికి తప్ప, మూత్రం పోసేటప్పుడు దీన్ని చేయకూడదు. దగ్గర్లో ఉన్న ఫిజియోథెరపిస్టుని కానీ గైనకాలజిస్టుని కానీ అడిగితే నేర్పుతారు. మర్రిపాలెం ఆవిడ నాలుగో నెలలో వాళ్ళ మనవడు చేసిన అల్లరి చెబుతూ నా గదిలోనే గట్టిగా నవ్వింది. ఆగి, ఒకసారి చీర చూసుకుంది. మళ్ళీ నవ్వింది.

ఆస్తమా ఉన్నవాళ్ళకి గట్టి నవ్వు ఆయాసం తెప్పించవచ్చు, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి. తరచూ అలా అవుతుంటే ఆస్తమా అదుపులో లేదని గుర్తు, డాక్టరుకి చెప్పాలి. బాగా పెద్దవాళ్ళు నిలబడి ఉండగా నవ్వించకండి. నవ్వి నవ్వి ఒళ్ళు వదిలేసింది అంటామే, అది నిజంగానే జరుగుతుంది. 1999లో డచ్ వైద్యులు కొలిచి చూశారు, గట్టిగా నవ్వేటప్పుడు కాలి కండరాన్ని బిగించే రిఫ్లెక్స్ బలహీనపడుతుంది.

తమ్ముడూ, మీ రాత్రుల గురించి. డ్యూటీ దిగి ఒంటరిగా గంట చూసే బదులు ఇరవై నిమిషాలు చాలు. ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్ తీసేసి, బిట్లు వద్దు, ఒక పూర్తి సీను చూడండి. ఎవరూ లేకపోతే, ఏ స్నేహితుడితో కలిసి నవ్వేవారో అతనికి ఫోన్ చేసి ఆ సీను గురించి మాట్లాడండి. ఒకవేళ రెండు వారాలుగా ఎవరు పక్కనున్నా, ఏం చూసినా నవ్వు రావడం లేదు, తిండి నిద్ర కూడా పాడయ్యాయి అంటే అది కామెడీతో తీరే సంగతి కాదు. డాక్టర్ని కలవండి. ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నాన్నగారికి పెట్టొచ్చు. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, నలభై రోజులంటే ఇంకా అతుకుతున్న దశే, కాబట్టి ఆయన్ని తిన్నగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టి చూపించకండి. ఒళ్ళో ఒక గట్టి దిండు పెట్టండి. నవ్వొచ్చినప్పుడు దాన్ని ఛాతీకి రెండు చేతులతో అదిమి పట్టుకోమనండి, దగ్గొచ్చినా అంతే. భోజనమైన వెంటనే వద్దు, ఓ గంట ఆగండి. నవ్వేటప్పుడు ఎముక దగ్గర టక్కుమన్న చప్పుడు వచ్చినా, గాయం నుంచి తడి వచ్చినా, జ్వరం ఉన్నా, ఛాతీలో బిగిసినట్టున్నా ఆపేసి సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయనకి ఏ సినిమా ఇష్టమో మీకంటే అమ్మగారికే బాగా తెలుస్తుంది, ఆవిణ్ణి అడగండి, ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టండి. నవ్వాక దగ్గొస్తే కంగారుపడి నీళ్ళు తాగించి ఆపేయకండి. దగ్గనివ్వండి. కఫం తెల్లగా ఉంటే సరే, పచ్చగానో ఎర్రగానో ఉంటే డాక్టరుకి చెప్పండి.